తీపికి తొందరేముంది

"ఏ డబ్బా కొనమంటరు సార్?"

బిడ్డకు ఆరో నెల నిండి ఇంట్లో అన్నప్రాశన మాట మొదలైతే చాలు, పిల్లల డాక్టరుకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. త్రిపురారం నుంచి, హాలియా నుంచి, సాగర్ ఎడమ కాలువ వెంట ఉన్న ఊళ్ల నుంచి మిర్యాలగూడకు బస్సులోనో బండి మీదో వచ్చి, ఒళ్లో బిడ్డను సర్దుకుంటూ అడుగుతారు. కొందరు పిల్లల ఆహారం డబ్బాను ముందే కొనేసి సంచిలో పెట్టుకొస్తారు. "ఇది మంచిదేనా, ఒక్కసారి చూడండి" అని బల్ల మీద పెడతారు. నాట్లు వేసిన కూలి డబ్బులతో కొన్న డబ్బా అది. ప్రేమ లేనివాళ్లు చేసే పని కాదు. ఆ ప్రేమను శంకించే హక్కు ఎవరికీ లేదు. అది చెంచాలోకి ఏ రూపంలో చేరుతోందన్నదే మనం కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

డబ్బా సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు ఆ ఆరు నెలల బిడ్డ నోట్లో ఏం జరుగుతోందో చూద్దాం.

పుట్టిన దగ్గర్నుంచి ఆ బిడ్డకు తెలిసిన తిండి ఒక్కటే, తల్లిపాలు. అవి తియ్యగా ఉంటాయి. 100 మిల్లీలీటర్ల పాలలో దాదాపు 7 గ్రాముల లాక్టోజ్, అంటే పాలలో సహజంగా ఉండే చక్కెర ఉంటుంది. తీపి మీద ఇష్టం పుట్టుకతోనే వస్తుంది, దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. పులుపు, వగరు, ఆకుకూర పసరు వాసన, పప్పు కమ్మదనం మాత్రం నేర్చుకోవాలి. ఆ నేర్చుకోవడం అన్నప్రాశన రోజున మొదలవుతుందని మనం అనుకుంటాం గాని, నిజానికి అంతకు ముందే మొదలైపోయి ఉంటుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీద పనిచేసే మోనెల్ అనే పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ జూలీ మెనెల్లా అనే శాస్త్రవేత్త బృందం కొందరు తల్లుల చేత గర్భంతో ఉన్నప్పుడు, మరికొందరి చేత పాలిచ్చే రోజుల్లో క్యారెట్ రసం తాగించింది. 2001లో ఆ ఫలితాలు వచ్చాయి. వాళ్ల బిడ్డలకు ఆ తర్వాత క్యారెట్ కలిపిన జావ పెడితే, క్యారెట్ రసం తాగని తల్లుల బిడ్డలకంటే తక్కువగా ముఖం చిట్లించారు. తల్లి తిన్న తిండి వాసనలు ఉమ్మనీటిలోకి, పాలలోకి వస్తాయి. కాబట్టి మెంతికూర పప్పు, చింతపండు చారు తిని పాలిచ్చిన తల్లి బిడ్డ ఆ రుచులకు మరీ పరాయివాడేం కాదు. మీరు తిన్నదంతా వాడికి కాస్త కాస్త పరిచయమే.

అయినా మొదటి చెంచా పెట్టగానే ఏం చేస్తాడు? నాలుకతో బయటికి నెట్టేస్తాడు. కనుబొమలు ముడుస్తాడు, ఒళ్లు జలదరించినట్టు చేస్తాడు. పక్కనున్న నలుగురూ ఒక్కసారే, "అయ్యో, నచ్చలే" అనేస్తాం.

నచ్చకపోవడం కాదది. ముద్ద గొంతుకు అడ్డం పడకుండా ప్రకృతి బిడ్డకు ఇచ్చిన కాపలా ఒకటి ఉంటుంది. నోట్లోకి గట్టి వస్తువు ఏది వచ్చినా నాలుక దాన్ని ముందుకు తోస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అది మెల్లగా తగ్గుతుంది, కొందరిలో ఇంకొన్నాళ్లు మిగులుతుంది. ముఖం చిట్లించడం కూడా తీర్పు కాదు, ఆశ్చర్యం. ఇన్నాళ్లూ వెచ్చగా, పల్చగా, తియ్యగా దిగిన నోటికి ఇవాళ చిక్కగా, గరుగ్గా, ఇంకో వాసనతో ఏదో వచ్చింది. మనమే ఊరు కాని ఊళ్లో తెలియని వంట నోట్లో పెట్టుకుంటే ఒక క్షణం ఆగమా? బిడ్డ ఒక రుచిని తనదిగా చేసుకోవడానికి ఎనిమిది, పది సార్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ సార్లే పడుతుంది. అవన్నీ ఒకే పూట కాదు, వేర్వేరు రోజుల్లో. మనం రెండో చెంచాకే ఓడిపోతాం. చక్కెర డబ్బాలోంచి ఇంత తీసి గిన్నెలో వేస్తాం. బిడ్డ చప్పరించి మింగుతాడు. "చూసినవా, చక్కెర ఏస్తే ఎంత మంచిగ తిన్నడో" అని నాయనమ్మ ముఖం వెలిగిపోతుంది.

ఇక్కడే ఒక కష్టమైన మాట చెప్పక తప్పదు. ఆ పూట బిడ్డ జావను నేర్చుకోలేదు. తనకు ముందే తెలిసిన తీపిని మళ్లీ కలుసుకున్నాడు, అంతే. గిన్నె ఖాళీ అయినందుకు తేలికపడింది మన గుండె. ఆ తేలికకు మనం అలవాటు పడతాం, ఆ తీపికి బిడ్డ అలవాటు పడతాడు. రేపు కూరగాయ పెట్టినప్పుడు ముఖం తిప్పేస్తే "వీడికి కూరలంటే పడదు" అని పేరు పెడతాం.

ఇప్పుడు డబ్బా దగ్గరికి వద్దాం.

2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ, శిశు ఆహారాల మీద నిఘా పెట్టే ఐబీఫాన్‌తో కలిసి ఒక నివేదిక ఇచ్చింది. నెస్లే సెరెలాక్ మన దేశంలో అమ్మే రకాల్లో ఒక్కో పూట మోతాదుకు సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలిపి ఉందని, అదే కంపెనీ స్విట్జర్లాండ్, జర్మనీ, బ్రిటన్‌లలో చక్కెర కలపకుండా అమ్ముతోందని ఆ నివేదిక సారాంశం. 3 గ్రాములంటే టీస్పూనుకు కొంచెం తక్కువ. కంపెనీ తన వైపు నుంచి, అయిదేళ్లలో కలిపే చక్కెరను 30 శాతం దాకా తగ్గించామని చెప్పింది. ఆ ఏడాది అక్టోబరులోనే శుద్ధి చేసిన చక్కెర లేని రకాలు తెస్తున్నామని ప్రకటించింది. మొత్తం 21 రకాల్లో 14 అలాంటివేనంది. ఈ గొడవలో ఎవరిది ఎంత తప్పన్నది మన పని కాదు. మనకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. ఇప్పుడు ఒకే అరలో, ఒకే పేరుతో చక్కెర ఉన్నదీ లేనిదీ పక్కపక్కనే ఉండొచ్చు. పేరు చూసి కొంటే ఏది చేతికొస్తుందో తెలియదు. డబ్బాను తిప్పి వెనక చూడాల్సిందే.

ఇంకో విషయం. మన దేశంలో 1992 నుంచి ఒక చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా గట్టిపరిచారు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికీ, ఇలాంటి పొడి ఆహారాలకూ, పాలసీసాలకూ ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద తల్లి బొమ్మ, పసిబిడ్డ బొమ్మ వేయకూడదు. అందుకే టీవీలో వీటి ప్రకటనలు కనబడవు. మరి ఆ పేరు మనదాకా ఎలా వచ్చింది? పక్కింటివాళ్లు వాడారని, మందుల షాపు అతను చెప్పాడని, ఫోన్‌లో ఎవరో చూపించారని. డాక్టరే చెప్పినా సరే, వెనక చదవకుండా కొనకండి.

ఏం చదవాలి? రెండే చోట్లు. ఒకటి, లోపల వాడిన పదార్థాల జాబితా. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది నియమం. చక్కెర మొదటి మూడు నాలుగు పేర్లలో ఉందంటే ఆ డబ్బాను మర్యాదగా అరలో పెట్టేయొచ్చు. అది చక్కెర అనే పేరుతోనే ఉండదు. సుక్రోజ్, గ్లూకోజ్ సిరప్, ఫ్రక్టోజ్, కార్న్ సిరప్, తేనె, బెల్లం పొడి, పండ్ల రసం చిక్కబరిచినది, అన్నీ ఆ కుటుంబమే. మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఇంకొకటి కనబడుతుంది. పిండిపదార్థాన్ని సన్నగా విరగ్గొట్టి చేసే పొడి అది, నాలుకకు పెద్ద తీపి తెలియదు గాని ఒంట్లోకి చక్కెరలాగే చప్పున చేరుతుంది. రెండో చోటు పోషకాల పట్టిక. అందులో మొత్తం చక్కెర ఒక వరుసలో, విడిగా కలిపిన చక్కెర మరో వరుసలో ఉంటాయి. పాలపొడి ఉన్న రకంలో మొత్తం చక్కెర కొంచెం ఎక్కువే కనబడుతుంది, అది పాలదే, దానికి భయపడొద్దు. కలిపిన చక్కెర దగ్గర సున్నా ఉండాలి. ఉదాహరణకు అక్కడ 100 గ్రాములకు 12 అని ఉందనుకోండి. పూటకు 25 గ్రాముల పొడి వేస్తే 3 గ్రాములు. రోజుకు మూడు పూటలైతే రెండు టీస్పూన్లు దాటింది. ఎనిమిది కిలోల బిడ్డకు. పెద్దవాళ్లమే రెండు చెంచాల చక్కెర వేసుకున్న కాఫీని తీపి ఎక్కువైందంటాం.

చక్కెర లేకపోతే చాలా? చాలదు. పళ్ల బొమ్మలు వేసిన "ఆపిల్" రకంలో ఆపిల్ ఎంత శాతమో చూడండి. ఐరన్ కలిపారో లేదో చూడండి, అది ఉంటే మంచిది. ఆ మాట మళ్లీ వస్తుంది. పాలు తాగే బిడ్డకు కార్న్‌ఫ్లేక్స్, చాక్లెట్ ఫ్లేక్స్ ఎప్పటి నుంచి పెట్టొచ్చని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ చాక్లెట్ రకాల్లో 100 గ్రాములకు పాతిక, ముప్పై గ్రాముల చక్కెర మామూలు. వాటి గురించి ఇంతకంటే సమయం ఖర్చు పెట్టక్కర్లేదు.

"చక్కెర వద్దంటే బెల్లం వేస్తాం, అందులో ఐరన్ ఉంటుంది గదా" అంటారు. నిజమే, కొంచెం ఉంటుంది. అయితే బిడ్డకు అవసరమైన ఐరన్ బెల్లంతో రావాలంటే గిన్నెడు బెల్లం పెట్టాలి. పటికబెల్లమూ చక్కెరే. ఇక తేనె ఏడాది నిండేదాకా నాలుక మీద రాయడానికి కూడా వద్దు. పెద్దవాళ్లకు ఏమీ చేయని ఒక సూక్ష్మజీవి గింజలు తేనెలో ఉండొచ్చు, పసిబిడ్డ పేగుల్లో అవి మొలకెత్తి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తాయి. అరుదే. కానీ ఊపిరి ఆగేదాకా తీసుకెళ్లగల జబ్బు.

ఇంత పట్టుదల ఎందుకని అడగొచ్చు. ఎనిమిది కిలోల బిడ్డ కడుపు ఒక గ్లాసుడంతే, కిలోకు 30 గ్రాముల చొప్పున లెక్కేస్తే 240 గ్రాములు. ఆ కాస్త చోటులో ఐరన్, మాంసకృత్తులు, కొవ్వు, అన్నీ పట్టాలి. తీపి వచ్చి కూర్చుంటే వాటిలో ఒకటి బయటే ఉండిపోతుంది. పళ్లు ఇంకా వస్తూ ఉంటాయి, రాత్రి తియ్యని పాలసీసా నోట్లో పెట్టుకు నిద్రపోయే పిల్లల ముందు పళ్లు రెండేళ్లకే నల్లబడి పుచ్చిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. దూరపు సంగతి కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో 1953 సెప్టెంబరు దాకా చక్కెరకు రేషన్ ఉండేది. రేషన్ ఎత్తేయడానికి ముందూ వెనకా పుట్టినవాళ్లు పెద్దయ్యాక ఎలా ఉన్నారో పోల్చి చూసిన ఒక అధ్యయనం 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. కడుపులో ఉన్నప్పుడూ, మొదటి రెండేళ్లూ చక్కెర తక్కువ తిన్నవాళ్లలో మధుమేహం ముప్పు సుమారు 35 శాతం, రక్తపోటు ముప్పు 20 శాతం తక్కువని తేలింది. తాత షుగర్ బిళ్లలు, నాయనమ్మ షుగర్ బిళ్లలు ఒకే అరలో పెట్టుకునే ఇళ్లు మనవి. ఈ లెక్క మనకు వేరే వివరించి చెప్పాలా? అమెరికా ప్రభుత్వం 2020లో ఇచ్చిన ఆహార సూచనల్లో రెండేళ్లలోపు పిల్లలకు కలిపిన చక్కెర అసలు వద్దంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చక్కెర, ఉప్పు ఎక్కువున్నవి ఆ వయసులో పెట్టొద్దంది. ఉప్పు సంగతీ అంతే, ఏడాదిలోపు అవసరం లేదు.

అయితే భయపడిపోకండి. ఇప్పటిదాకా కొన్ని నెలలు పెట్టేశాం, ఇక బిడ్డ పాడైపోయాడా అని కంగారు పడే తల్లికి చెప్పేది ఒకటే. ఏమీ కాలేదు. పసినాలుక మనకంటే త్వరగా మారుతుంది.

మరి పొద్దున ఏం పెట్టాలి? దీనికి మన పూర్వుల జవాబు ఉగ్గు, డబ్బాలు రాకముందే కనిపెట్టారు. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు. రెండూ విడివిడిగా కడిగి, గుడ్డ మీద నీడన ఆరబెట్టాలి. విడివిడిగానే వేయించాలి, ఎందుకంటే పప్పు ముందే ఎర్రబడుతుంది, బియ్యం ఆలస్యంగా వేగుతుంది. బియ్యం గింజ తెల్లబడి కొంచెం ఉబ్బి, పప్పు కమ్మని వాసన వచ్చినప్పుడు దించి, చల్లారాక మెత్తగా ఆడించి జల్లెడ పట్టాలి. తడి లేని స్టీలు డబ్బాలో పదిహేను రోజులకు సరిపడా మాత్రమే. పెట్టేటప్పుడు రెండు చెంచాల పొడిని ముందు చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలుపుకోవాలి. తర్వాత సన్నని సెగ మీద ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. దించాక అర చెంచా నెయ్యి, లేదంటే పల్లీనూనె. చెంచా వంచితే జారాలి, కానీ నీళ్లలా కారకూడదు. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. అరుగుతుందో లేదోనని పల్చటి గంజిలా చేస్తాం, కడుపు నిండుతుంది గాని బలం పట్టదు.

మొదట్లో ఒక్కో గింజనే రెండు మూడు రోజులు పెట్టి చూసి, తర్వాత పప్పు కలపండి. వారం పది రోజులకు అందులోనే మెత్తగా ఉడికిన క్యారెట్, పాలకూర, గుమ్మడి, ఉడికించిన గుడ్డు మెదిపి వేయొచ్చు. పల్లీలు వేయించి మెత్తని ముద్దలా నూరి చిటికెడు కలపొచ్చు, పలుకులు మాత్రం నాలుగైదేళ్ల దాకా వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. తీపి కావాలనిపిస్తే పండిన అరటి పండు సగం చిదిమి కలపండి. మొత్తంగా తిన్నది పండు కాబట్టి దాంతో పీచు కూడా వచ్చింది. రసం తీసి ఇస్తే అది రాదు.

ఇంకొకటుంది. తైదలు. బయట రాగులంటున్నారు గాని మన నల్లగొండ ఇళ్లలో అవి తైదలే. 1967లో సాగర్ నీళ్లు కాలువల్లోకి వచ్చాక ఈ నేలంతా వరి అయింది. అంతకుముందు జొన్నలు, సజ్జలు, తైదలు తిన్న ఊళ్లే ఇవి. ఇప్పుడు మిర్యాలగూడ చుట్టూ ఎటు చూసినా రైస్ మిల్లులే, బిడ్డ ఉగ్గులోనూ పాలిష్ బియ్యమే. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో పది కూడా లేదు. తైదల్ని ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి ఒకటి రెండు రోజులు ఉంచండి. తెల్లటి సన్న మొలక వస్తుంది. నీడన ఎండబెట్టి, అరచేతుల మధ్య నలిపి మొలకలు రాల్చి, సన్నని సెగ మీద కొంచెం మాత్రం వేయించి ఆడించండి. మాడనివ్వొద్దు. మొలకెత్తేటప్పుడు గింజలో ఒక ఎంజైము పుడుతుంది, అది పిండిని విరగ్గొడుతుంది. అందుకే ఆ పిండితో కాచిన జావ ఎక్కువ పొడి వేసినా గట్టిపడదు, కొంచెం తియ్యగా కూడా ఉంటుంది. ఆ తీపి గింజ తనంతట తాను ఇచ్చుకున్నది, దానికి ఇంకేమీ కలపొద్దు. బజార్లో "రాగి మాల్ట్" అని అమ్మేవాటిలో చాలావాటిలో చక్కెరో బెల్లమో కలిపే ఉంటుంది, వెనక చూడండి.

నీళ్ల గురించి ఒక మాట. నల్లగొండ జిల్లా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ కథ మీకు తెలిసిందే. కాలువ కింది ఊళ్లలో ఆ బాధ తక్కువే అయినా, కొందరు ఇప్పటికీ బోరు నీళ్లే వాడతారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. బిడ్డ జావకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి, కాచి చల్లార్చి.

ఇదంతా విని ఒక తల్లి అనే మాట నాకు తెలుసు. "నాట్లప్పుడు తెల్లారి అయిదింటికి పోతం సార్, ఇవన్నీ ఎవరు చెయ్యాలె?" నిజమే. మధ్యాహ్నందాకా బిడ్డ నాయనమ్మ దగ్గర ఉంటాడు, ఆమె మోకాళ్లు ఆమెకే బరువు. వేడినీళ్లు పోసి కలిపితే చాలనే డబ్బా ఆ ఇంటికి ఎంత ఊరటో మనం కాదనలేం. అలాంటి ఇంట్లో డబ్బా ఉండొచ్చు, కలిపిన చక్కెర సున్నా ఉన్నదే ఉండాలి. దాంట్లో ఇంట్లోది ఏదో ఒకటి కలవాలి, మెత్తగా మెదిపిన పప్పు, గుడ్డు ముక్క, ఇంత ఉడికిన కూర. ఉగ్గు పొడి ఆదివారం ఒక గంట పని. ఆ పని తండ్రి చేసినా ఉగ్గు ఉగ్గే అవుతుంది.

అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. హైదరాబాద్ నాచారంలో తెలంగాణ ఫుడ్స్ దాన్ని తయారు చేస్తుంది. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు చక్కెర కూడా ఉంటుంది. "చక్కెర వద్దన్నారు గదా, ఇది కూడా మానేయాలా?" అని అడుగుతారు. మానొద్దు. బరువు తక్కువున్న బిడ్డకు, ఇంట్లో ఇంకేదీ కుదరని బిడ్డకు అది నిజంగా ఆసరా. అయితే మూడు జాగ్రత్తలు. దాని మీద మళ్లీ చక్కెర వేయొద్దు. మొదటి రుచిగా దాన్ని ఇవ్వొద్దు, ముందు నెల రోజులు చప్పటి ఉగ్గు, పప్పు, కూరలు అలవాటు కానివ్వండి. రోజుకు ఒక పూట చాలు, మిగతా పూటలు ఇంటి తిండి.

డబ్బాను ఇంతసేపు తిప్పి చూశాం గాని, మన పల్లెల్లో పసిపిల్లల నోట్లోకి చక్కెర ఎక్కువగా పోయే దారి వేరే ఉంది. టీలో ముంచిన బిస్కెట్. అయిదు రూపాయల ప్యాకెట్టు, పొద్దున, సాయంత్రం. తాత టీ తాగుతూ తన గ్లాసులోంచే ముంచి మనవడి నోట్లో పెడతాడు, ఇద్దరికీ అది రోజంతటిలో గొప్ప సంబరం. గ్లూకోజ్ బిస్కెట్లో దాదాపు నాలుగో వంతు చక్కెర, మిగతాది చాలావరకు మైదా. టీలో ఇంకో చక్కెర. పైగా టీలోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంట్లోకి పోనివ్వవు. తల్లి కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఐరన్ ఆరో నెలకు అడుగంటుతుంది, తల్లిపాలలో అది చాలా తక్కువ. సరిగ్గా అప్పుడే మనం దాని దారికి అడ్డం పెడుతున్నాం. తాతకు చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. ఆ సంబరం ఆయన నుంచి లాక్కోవద్దు. బిస్కెట్ స్థానంలో మెత్తగా ఉడికిన చిలగడదుంప ముక్కో, ఇడ్లీ ముక్కో ఆయన చేతికివ్వండి. తినిపించేది ఆయనే.

నాయనమ్మ దగ్గర ఇంకో మాట వస్తుంది. "మేం బెల్లమేసి పెట్టలేదా, మీరు పెరగలేదా?" ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమె కాలంలో బిడ్డకు రోజంతా దొరికే తీపి ఆ ఉగ్గులోని చిటికెడు బెల్లమే. తర్వాతది మళ్లీ పండగకు. ఇవాళ ఆ చిటికెడుతో ఆగడం లేదు. దాని వెనక బిస్కెట్ ఉంది, చుట్టాలు తెచ్చే చాక్లెట్ ఉంది, కిరాణా కొట్టులో తోరణంలా వేలాడే ప్యాకెట్లున్నాయి. ఆమె పద్ధతి తప్పని చెప్పక్కర్లేదు, కాలం మారిందని చెబితే ఆమెకే అర్థమవుతుంది.

ఫోన్ గురించి కూడా ఒక్క మాట. పాటలు పెట్టి బొమ్మలు చూపిస్తే నోరు తెరుస్తాడు, నిజమే. ఆ తెరిచిన నోటికి లోపలికి ఏం వచ్చిందో తెలియదు. ఆకలి తెలియదు, చాలనిపించింది తెలియదు. బిడ్డకు చాలిందని చెప్పే భాష ఉంది. తల తిప్పుతాడు, పెదాలు బిగిస్తాడు, చెంచాను తోస్తాడు. ఆ మాట మనం వింటే, కడుపు చెప్పేది నమ్మొచ్చని వాడికి తెలుస్తుంది. ముక్కు పట్టుకుని తినిపిస్తే చెంచా అంటేనే భయం మిగులుతుంది. చేతులతో పిసికి, జుట్టుకు పూసుకుని, కింద పారబోసి తిననివ్వండి. ఇల్లు తుడుచుకోవడం మన పని.

ఇప్పటికే తీపి అలవాటైపోయిన బిడ్డకు ఒక్కసారిగా మానిపించక్కర్లేదు. అలవాటైన తియ్యటి పొడిలో నాలుగో వంతు చప్పటి ఉగ్గు కలపండి. నాలుగు రోజులకు సగం, ఇంకో నాలుగు రోజులకు ముప్పావు. మధ్యలో ఒకటి రెండు రోజులు అలుగుతాడు, తక్కువ తింటాడు. ఆ రెండు రోజులే కష్టం, అవి మనకే ఎక్కువ కష్టం. పాలు ఎలాగూ ఉన్నాయి, ఆకలితో ఉండిపోడు. రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వొచ్చు. ఏడాది లోపు గేదెపాలతో కడుపు నింపొద్దు.

బరువు గురించి బెంగ పెట్టుకునేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. మొదటి మూడు నెలల్లో నెలకు ముప్పావు కిలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పెరిగిన బిడ్డ, ఆరు నెలలు దాటాక నెలకు 300, 400 గ్రాములే పెరుగుతాడు. అది లోపం కాదు. పక్కింటి బిడ్డ బొద్దుగా ఉన్నాడని మన బిడ్డ గిన్నెలో చక్కెర పెంచొద్దు. నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించి, ఎదుగుదల కార్డు మీద గీత పైకి పోతోందా లేదా చూడండి. వరుసగా రెండు నెలలు గీత పెరగకుండా అడ్డంగానే పోయినా, కిందికి దిగినా, బిడ్డ పాలిపోయి ఏ రుచికీ నోరు తెరవకపోయినా ఇంట్లో రుచులు మార్చుకుంటూ కూర్చోకండి. ఒంట్లో రక్తం తగ్గితే ఆకలి కూడా పోతుంది. ఆరో నెల నుంచి ఆశా కార్యకర్త ఐరన్ సిరప్ ఇస్తుంది, వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. అది ఇప్పిస్తున్నారో లేదో చూసుకోండి. అయినా తేడా లేకపోతే కార్డు పట్టుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరండి, ఇప్పటిదాకా బిడ్డకు పెట్టినవన్నీ దాచకుండా చెప్పండి. టీ బిస్కెట్‌తో సహా.